ఆపరేషన్ బల్ల మీద పిత్తనాళాన్ని చూడటం: నా అనుభవం

పిత్తాశయంలో రాళ్లున్నాయని ఆపరేషన్ చేయించుకున్నవారు ఇక రాళ్ల బాధ తీరిందన్న నమ్మకంతో ఇంటికి వెళ్తారు. చాలామంది విషయంలో ఆ నమ్మకం నిజమే. రాళ్లు తయారయ్యే సంచినే తీసేశాం కదా. అయితే నొప్పితో ఆపరేషన్ దాకా వచ్చినవారిలో వందకు పది పదిహేను మందికి అప్పటికే ఒకటో రెండో రాళ్లు సంచిలోంచి జారి ప్రధాన పిత్తనాళంలోకి చేరి ఉంటాయి. కాలేయంలో తయారైన పిత్తరసాన్ని చిన్నపేగుకు చేర్చే దారి అది. సంచిని తీసేసినా ఆ రాళ్లు అక్కడే ఉంటాయి. కొన్ని ఎవరికీ తెలియకుండా పేగులోకి జారిపోతాయి. కొన్ని నాళం చివర ఇరుక్కుని కామెర్లు తెస్తాయి, నాళంలో ఇన్‌ఫెక్షన్ పుట్టిస్తాయి, క్లోమగ్రంథిని వాచేలా చేస్తాయి. సర్జన్‌గా నాకు నిద్ర పట్టనివ్వని రాయి ఈ రెండో రకానిది.

ఆ రాయి ఉందో లేదో రోగి బల్ల మీద ఉండగానే తెలుసుకునే పద్ధతులు కొన్ని ఉన్నాయి. వాటిని ఎలా నేర్చుకున్నానో, ఒక్కొక్కటీ నాకు ఏం చూపించిందో, ఎక్కడ ఆగిపోయిందో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. సర్జరీ నేర్చుకుంటున్నవారికి ఇది ఉపయోగపడవచ్చు. ఈ ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారికి, మత్తులో ఉన్నప్పుడు తమ కోసం ఏం చేస్తారో తెలుసుకునే హక్కు ఉంది. వారి కోసం కూడా రాస్తున్నాను.

ముందే తెలుసుకోలేమా అని రోగుల బంధువులు అడుగుతుంటారు. కొంతవరకు తెలుసుకోగలం. రక్తపరీక్షలో బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, కాలేయ ఎంజైములు ఎలా ఉన్నాయో చూస్తాం. పొట్ట మీద నుంచి అల్ట్రాసౌండ్ చేసి నాళం వెడల్పు కొలుస్తాం. పిత్తాశయం ఉన్న మనిషిలో అది 6 మిల్లీమీటర్లు దాటితే అనుమానం మొదలవుతుంది. స్కానింగ్‌లో నాళంలోనే రాయి కనిపించినా, జ్వరంతో కామెర్లు వచ్చినా, నాళం వెడల్పుగా ఉండి బిలిరుబిన్ డెసిలీటరుకు 4 మిల్లీగ్రాములు దాటినా రాయి ఉందనే లెక్కగట్టి, చాలా చోట్ల ఆపరేషన్‌కు ముందే ఈఆర్‌సీపీ చేయిస్తారు. అంటే నోటి ద్వారా ఎండోస్కోపును చిన్నపేగు దాకా పంపి, నాళం ముఖద్వారం నుంచి రాయిని బయటికి లాగడం.

చిక్కంతా మధ్యలో ఉన్నవారితోనే. నాళం 7 మిల్లీమీటర్లు, ఎంజైములు కొద్దిగా పెరిగాయి, రాయి మాత్రం కనిపించలేదు. పొట్ట మీద నుంచి చేసే స్కానింగ్ సంచిలోని రాళ్లను బాగా పట్టుకుంటుంది గానీ, నాళం కింది చివరను పేగులోని గాలి కప్పేస్తుంది. ఎంఆర్‌ఐ యంత్రంతో చేసే ఎంఆర్‌సీపీ స్కానింగ్ నాళాల బొమ్మను ఎంతో స్పష్టంగా ఇస్తుంది. అయినా 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు దాని కంట పడకపోవచ్చు. ఎండోస్కోపు కొసన అల్ట్రాసౌండ్ అమర్చి లోపలి నుంచి చూస్తే చిన్న రాళ్లు కూడా తెలుస్తాయి. కానీ దానికి వేరే పరికరం, వేరే నిపుణుడు కావాలి. పైగా ఏ పరీక్ష అయినా ఆ రోజు సంగతే చెబుతుంది. పరీక్షకూ ఆపరేషన్‌కూ మధ్య నాళంలో ఉన్న రాయి పేగులోకి పోవచ్చు, సంచిలో ఉన్నది నాళంలోకి రావచ్చు. ఈ రెండూ నేను చూశాను. నాళం గురించి చివరి మాట ఆపరేషన్ సమయంలోనే చెప్పాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

నేను శిక్షణలో చేరిన యూనిట్‌కు పెద్ద అయిన మా మేడమ్‌ది ఒకటే నియమం. అనుమానం ఉన్నా లేకపోయినా ప్రతి పిత్తాశయ ఆపరేషన్‌లోనూ కొలాంజియోగ్రామ్ తీయాల్సిందే. కాథెటర్ అనే సన్నని గొట్టంతో నాళంలోకి కాంట్రాస్ట్ మందు, అంటే ఎక్స్‌రేలో కనిపించే ద్రవం పంపి, అక్కడికక్కడే ఎక్స్‌రేలో చూడటం అన్నమాట. అందరికీ తీయాలా, అనుమానం ఉన్నవారికే తీయాలా అన్నది సర్జన్లలో దశాబ్దాలుగా తెగని వాదన. పక్క యూనిట్‌లో కొందరికే తీసేవారు, వాళ్ల ఆపరేషన్లు తొందరగా ముగిసేవి. మాకు మాత్రం ప్రతిసారీ సీసపు ఆప్రాన్లు, సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం, టెక్నీషియన్ కోసం ఎదురుచూపు. ఒకరోజు ఆ మాటే అడిగాను. మేడమ్ విసుక్కోలేదు. "బాగున్న నాళాలను నువ్వు విడవకుండా చూస్తూ ఉండాలి. లేకపోతే బాగాలేనిది ఎదురైన రోజు నీకు తెలియదు. ఆ రోజు కాథెటర్ పెట్టడానికి నీ చేయి కూడా తడబడుతుంది" అన్నారు.

ఈ పరీక్షకు చాలా చరిత్ర ఉంది. 1931లో అర్జెంటీనాలోని కోర్డోబాలో పాబ్లో మిరిజ్జి అనే సర్జన్ దీన్ని మొదలుపెట్టాడు. అంతకుముందు నాళాన్ని వేళ్లతో తడిమి, అనుమానం వస్తే తెరిచి చూసేవారు. అలా తెరిచిన నాళాల్లో రాయి లేనివి తక్కువేమీ కావు. 1980ల చివర్లో లాపరోస్కోపీ వ్యాపించాక తడిమి చూసే వీలు కూడా పోయింది. చిన్న రంధ్రాల గుండా పరికరాలతో పనిచేసేవాడికి వేళ్ల స్పర్శ లేదు. దాంతో మిరిజ్జి పద్ధతి అవసరం ఇంకా పెరిగిందని నా అభిప్రాయం.

చేసే విధానం చెబుతాను. పిత్తాశయాన్ని ప్రధాన నాళంతో కలిపే సన్నని గొట్టం సిస్టిక్ నాళం. ముందు దాని చుట్టూ ఉన్న కొవ్వునూ పొరలనూ తొలగించి, సంచిలోకి వెళ్తున్నవి రెండే రెండని, ఒకటి ఈ నాళం, రెండోది రక్తనాళమని నిర్ధారించుకోవాలి. సంచి కింది భాగాన్ని కాలేయం నుంచి కొంత విడదీసి చూస్తేనే ఆ నిర్ధారణ పూర్తవుతుంది. సర్జన్ స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో ముందుకు తెచ్చిన ఈ జాగ్రత్తను ఇప్పుడు అన్నిచోట్లా నేర్పుతారు. తర్వాత సిస్టిక్ నాళానికి సంచి వైపు ఒక క్లిప్ వేస్తాం, సంచిలోని రాళ్లు కిందికి జారకుండా. క్లిప్‌కు దిగువన కత్తెర కొసతో నాళం మీద చిన్న గాటు పెడతాం. నాళాన్ని పూర్తిగా తెంచకూడదు, సగం లోపే. అప్పుడు పరికరంతో నాళాన్ని మెల్లగా నొక్కుతూ పైకి పిండితే అందులో ఇరుక్కున్న రాళ్లు గాటులోంచి బయటికొస్తాయి. పచ్చని పిత్తరసం చుక్క కనిపించే దాకా పిండమనేవారు మేడమ్. ఆ చుక్క కనిపిస్తే దారి తెరిచి ఉందన్నమాట.

ఆ గాటులోంచి సన్నని కాథెటర్ లోపలికి పోవాలి. రాసినంత తేలిక కాదు. సిస్టిక్ నాళం లోపల హైస్టర్ కవాటాలనే మెలికల మడతలుంటాయి. కాథెటర్ కొస వాటికి తగిలి ఆగిపోతుంది. బలం ఉపయోగిస్తే నాళం చిరుగుతుంది. కాథెటర్‌లోంచి కొద్దిగా సెలైన్ పంపుతూ, కొసను తిప్పుతూ, సంచిని లాగి పట్టుకున్న సహాయకుడు పట్టు కొంచెం సడలిస్తే దారి దొరుకుతుంది. లాగి పట్టిన సంచి నాళాన్ని వంచేస్తుంది, పట్టు సడలితే నాళం తిన్నగా అవుతుంది. పుస్తకంలో ఒక్క వాక్యంగా ఉండే ఈ సంగతి నా చేతికి అర్థం కావడానికి చాలా ఆపరేషన్లు పట్టాయి.

కాథెటర్ పెట్టే ముందే దానిలోని గాలిని సెలైన్‌తో పూర్తిగా నెట్టేయాలి. ఒక్క బుడగ నాళంలోకి పోయినా ఎక్స్‌రేలో అది అచ్చం రాయిలా కనిపిస్తుంది. మందును సగానికి సగం సెలైన్‌తో పలచన చేస్తాం. చిక్కటి మందు నాళాన్ని నల్లగా నింపేసి చిన్న రాళ్లను దాచేస్తుంది. బల్లను కొద్దిగా కుడివైపుకు వంచితే నాళం నీడ వెన్నెముక నీడ మీద పడకుండా పక్కకు జరుగుతుంది. పరికరాలను కూడా చిత్రానికి అడ్డం లేకుండా పక్కకు తీయాలి. అప్పుడు మందును మెల్లగా, మొదట కొద్దిగా, ఆ తర్వాత ఇంకొంత పంపుతూ తెర మీద చూస్తాం.

ఆ తెరను చదవడమే అసలు చదువు. మందు నాళంలో కిందికి దిగి పేగులోకి ధారగా పడుతోందా? నాళం పొడవునా అంచులు నున్నగా ఉన్నాయా? మధ్యలో మందు నిండని ఖాళీలున్నాయా? పైకి చూస్తే కాలేయంలోకి వెళ్లే ఎడమ, కుడి కొమ్మలు రెండూ కనిపిస్తున్నాయా? కుడి కొమ్మలో వెనుక భాగానికి వెళ్లే శాఖ ఉందా? సాధారణంగా అందరి చూపూ కిందికే పోతుంది, రాయి అక్కడే ఉంటుంది కాబట్టి. మేడమ్ మాత్రం ముందు పైభాగం చదివించేవారు. రాయి వదిలేస్తే తర్వాత తీయవచ్చు, ప్రధాన నాళాన్నే సిస్టిక్ నాళమనుకుని తెంచితే ఆ మనిషి జీవితమంతా బాధపడాల్సి వస్తుంది అనేవారు.

ఆ మాట ఎంత నిజమో ఒక ఆపరేషన్‌లో తెలిసింది. మందు కిందికి చక్కగా పోతోంది, పేగులో పడుతోంది, ఖాళీలేవీ లేవు. పైన మాత్రం ఏమీ లేదు. కాలేయపు కొమ్మలు ఒక్కటీ కనిపించలేదు. దానికి రెండు అర్థాలుండవచ్చు. మందుకు కింది దారి సులువుగా ఉండి పైకి ఎక్కకపోవడం ఒకటి. కాథెటర్ ఉన్నది సిస్టిక్ నాళంలో కాకపోవడం రెండోది. మొదటిదైతే ఏమీ లేదు, రెండోదైతే పెద్ద ప్రమాదం. థియేటర్‌లో ఎవరూ ఏదీ కోయకుండా ఆగాం. తల కిందికి ఉండేలా బల్ల వంచమని మత్తు డాక్టర్‌ను అడిగాం. మళ్లీ మెల్లగా మందు పంపితే, ముందు ఎడమ కొమ్మ, తర్వాత కుడి కొమ్మ, చివరికి వెనుక శాఖ ఒక్కొక్కటే తెర మీద తెరుచుకున్నాయి. అంతా సవ్యంగానే ఉంది. అయినా అవి కనిపించే దాకా ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు. చిత్రం సగమే వస్తే ఆపరేషన్ ఆగాలన్న నియమం నాలో ఆ రోజు పాతుకుపోయింది.

కింది భాగంలో వచ్చే చిక్కులు వేరు. గాలిబుడగ గుండ్రంగా ఉంటుంది, తల పైకి ఎత్తితే కాలేయం వైపు తేలుతుంది, సెలైన్‌తో కడిగితే చెదిరిపోతుంది. రాయికి తరచుగా కోణాలుంటాయి, కిందికి దిగుతుంది. మందు దాని తల మీద వంపు తిరిగి ఆగుతుంది. ఇంకో మాయ, నాళం చివర ఉండే కండరపు వలయం ముడుచుకోవడం. మత్తులో నొప్పి తగ్గించడానికి ఇచ్చే కొన్ని మందులు దాన్ని ఇంకా బిగిస్తాయి. అప్పుడు కాంట్రాస్ట్ చివరి అంచులో ఆగి, అచ్చం రాయి అడ్డుపడినట్టు కనిపిస్తుంది. మత్తు డాక్టర్ సిరలోకి 1 మిల్లీగ్రాము గ్లూకగాన్ ఇస్తే ఆ కండరం సడలుతుంది. కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ తీస్తే, వట్టి బిగుతే అయితే మందు పేగులోకి దూకుతుంది. ఆ కొన్ని నిమిషాలు ఆగే ఓపిక లేకపోతే లేని రాయి కోసం రోగిని ఈఆర్‌సీపీకి పంపాల్సి వస్తుంది. దాని తర్వాత వందలో కొందరికి క్లోమగ్రంథి వాపు వస్తుంది. కాబట్టి ఆ ఓపిక మర్యాద కోసం కాదు, రోగి రక్షణ కోసం.

శిక్షణ ముగిసి వేరేచోట పనిలో చేరాక నాకు అల్ట్రాసౌండ్ పరిచయమైంది. లాపరోస్కోపీ కోసం చేసిన సన్నని ప్రోబ్ అది. పరికరాలు పంపడానికి పొట్ట మీద పెట్టే 10 మిల్లీమీటర్ల పోర్టులోంచి లోపలికి వెళ్లి, నేరుగా నాళం మీదనే వాలుతుంది. పొట్ట మీద చర్మం, కొవ్వు, పేగు దాటుకుని చూడాల్సిన పని లేదు కాబట్టి 7.5 మెగాహెర్ట్జ్ దగ్గరి ఎక్కువ పౌనఃపున్యంతో చూడవచ్చు, బొమ్మ అంత సూక్ష్మంగా ఉంటుంది. ఎక్స్‌రే లేదు, కాంట్రాస్ట్ లేదు, నాళానికి గాటు లేదు. ఏదీ కోయకముందే చూడవచ్చు, కావాలంటే మధ్యలో మళ్లీ చూడవచ్చు. గర్భిణికి ఆపరేషన్ చేయాల్సివస్తే ఇది ఎంత పెద్ద వరమో చెప్పనక్కరలేదు.

ఇన్ని మంచి గుణాలున్నా మొదట్లో ఆ తెర నాకు బొత్తిగా అర్థం కాలేదు. కొలాంజియోగ్రామ్ నదిని కొండ మీద నుంచి చూడటం వంటిది, మొత్తం దారి ఒక్కసారిగా కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్ అదే నదిని ఒక్కో రేవులో దిగి చూడటం. ఒక క్షణంలో ఒక అడ్డకోత మాత్రమే కనిపిస్తుంది. ఆ కోతలన్నిటినీ మనసులో పేర్చుకుని నాళాన్ని కట్టుకోవాలి.

నాకు నేర్పిన సహోద్యోగి ఒక గుర్తు చెప్పాడు. కాలేయం నుంచి పేగుకు దిగే పొరల కట్టను అడ్డంగా చూస్తే మూడు గుండ్రని మచ్చలు కనిపిస్తాయి. పెద్దది పోర్టల్ సిర, దాని మీద రెండు చెవుల్లా చిన్నవి రెండు. ఒకటి పిత్తనాళం, రెండోది కాలేయ ధమని. ఈ రూపానికి వైద్యులు మిక్కీ మౌస్ అని పేరు పెట్టుకున్నారు. డాప్లర్ వేస్తే రక్తం పారే సిర, ధమని రంగులో వెలుగుతాయి. రంగు రాని చెవి పిత్తనాళం. దాన్ని వదలకుండా పట్టుకుని ప్రోబ్‌ను మెల్లగా కాలేయం నుంచి కిందికి జరపాలి. రాయి ఎదురైతే తెల్లని మెరుపు, దాని వెనుక నల్లని నీడ.

కింది భాగమే కష్టం. నాళం అక్కడ చిన్నపేగు వెనుకగా, క్లోమగ్రంథి లోపలి నుంచి దిగుతుంది. పేగులో గాలి ఉంటే అల్ట్రాసౌండ్ తరంగాలు ముందుకు పోవు. ప్రోబ్‌తో పేగును మెత్తగా నొక్కి గాలిని పక్కకు నెట్టడం, లేదా ఆ చుట్టూ సెలైన్ పోసి దాని గుండా చూడటం అనుభవంతో వచ్చేవి. క్లోమగ్రంథిలో కొవ్వు ఎక్కువగా ఉన్నవారిలో ఇప్పటికీ ఆ చివరి భాగం నాకు పూర్తిగా దొరకదు. దొరకలేదని రిపోర్టులో రాస్తాను, ఊహించి రాయను.

నేర్చుకోవడానికి నేను పెట్టుకున్న క్రమం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దానివల్లే నాకు నమ్మకం కుదిరింది. ప్రతి ఆపరేషన్‌లో ముందు అల్ట్రాసౌండ్ చేసేవాణ్ణి. నాళం వెడల్పు ఎంత, రాయి ఉందా లేదా, ఉంటే ఎన్ని, ఎక్కడ అన్నది గట్టిగా చెప్పి నర్సుతో బోర్డు మీద రాయించేవాణ్ణి. తర్వాత కొలాంజియోగ్రామ్ తీసి పోల్చుకునేవాళ్లం. ఈ వరస మార్చకూడదు. కాంట్రాస్ట్ పంపాక నాళంలో చేరిన బుడగలు అల్ట్రాసౌండ్‌లో రాళ్లను తలపిస్తాయి. పొరలు కోసి క్లిప్పులు వేశాక వాటి నీడలూ గాలీ బొమ్మను చెడగొడతాయి. నెలలు గడిచేకొద్దీ బోర్డు మీది రాతా ఎక్స్‌రే చిత్రమూ కలవడం పెరిగింది. కలవని చోట్ల ఎప్పుడూ రెండోదే నిజమని చెప్పడానికి లేదు. ఒకసారి అల్ట్రాసౌండ్‌లో సన్నని మడ్డి లాంటి పదార్థం, అందులో ఒక చిన్న రాయి కనిపించాయి. ఎక్స్‌రేలో నాళం నున్నగా ఉంది. సిస్టిక్ నాళం గుండా 3 మిల్లీమీటర్ల స్కోపును పంపి కళ్లతోనే చూస్తే ఆ రాయి నాళం గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రాళ్లను పట్టుకోవడంలో రెండు పద్ధతుల శక్తీ దాదాపు సమానమని పరిశోధనలన్నీ కలిపి చూసినవారు చెప్పారు. నా అనుభవం కూడా అదే. నాళాల కొమ్మల మ్యాపు కావాలంటే ఎక్స్‌రే ఒక మెట్టు పైన ఉంటుంది. చిన్న రాయినీ మడ్డినీ పట్టుకోవాలంటే అల్ట్రాసౌండ్ ఒక మెట్టు పైన ఉంటుంది.

మూడోది, అందరి మనసునూ వెంటనే ఆకట్టుకునేది, ఇండోసైనిన్ గ్రీన్. ఈ ఆకుపచ్చ రంగు మందును ఆపరేషన్‌కు ముందు సిరలోకి 2.5 మిల్లీగ్రాముల వంటి చిన్న మోతాదులో ఇస్తారు. కాలేయం దాన్ని రక్తంలోంచి తీసి పిత్తరసంలోకి వదులుతుంది. పరారుణ కాంతిని చూడగల కెమెరా పెట్టగానే నాళాలు వెలుగుతూ కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. కోయాల్సిన నాళం, కోయకూడని నాళం రెండూ పొరల కిందనే మెరుస్తున్నాయి. 2009లో జపాన్‌లో ఇషిజావా బృందం లాపరోస్కోపీలో దీని ఉపయోగాన్ని ప్రచురించినప్పటి నుంచి ఇది ఎన్నో థియేటర్లకు చేరింది.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ఈ వెలుగు నాళం ఎక్కడ ఉందో చెబుతుంది. నాళంలో రాయి ఉందో లేదో నమ్మకంగా చెప్పలేదు. ఆ కాంతి కణజాలంలో సెంటీమీటరు లోతుకు మించి చొచ్చుకురాదు. రాయి ఎక్కువగా చిక్కుకునే కింది చివర క్లోమగ్రంథి వెనుక దాగి ఉంటుంది. బాగా వాచిన సంచి చుట్టూ, కొవ్వు మందంగా ఉన్నచోట ఏమీ కనిపించకపోవచ్చు. దారి తప్పకుండా కాపాడే ఈ సాధనాన్ని రాళ్ల పరీక్షగా పరిగణించి కొలాంజియోగ్రామ్ మానేసేవారు ఎదురైతే నేను వాదనకు దిగుతాను. రెండు ప్రశ్నలూ వేరు, ఒకదాని జవాబు రెండోదానికి సరిపోదు.

ఈ మూడింటినీ ఒకే ఆపరేషన్‌లో అడగాల్సివచ్చిన సందర్భం ఒకటుంది. రోజుల తరబడి వాచి గట్టిపడిన సంచి. సిస్టిక్ నాళం ఉండాల్సిన చోట అంతా అతుక్కుపోయింది. ఆకుపచ్చ వెలుగులో ప్రధాన నాళం పైభాగం కొంచెం తెలిసింది, సంచి మెడ దగ్గర చీకటే. అక్కడ తవ్వడం ప్రమాదం. అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెడితే సంచి మెడలో ఒక రాయి బిగుసుకుని ఉంది. ప్రధాన నాళం దానికి చాలా దగ్గరగా, దాదాపు ఆనుకుని ఉంది. నాళం లోపల ఇంకో రాయి, నీడతో సహా స్పష్టంగా కనిపించింది. మెడలో రాయి అడ్డంగా ఉంది కాబట్టి సంచిలోంచి మందు పంపి ఎక్స్‌రే తీసే ఉపాయం పనిచేయదు. ముందు సంచిని పైనుంచి తెరిచి, ఆ రాయిని సంచిలోకి వెనక్కి నెట్టి తీశాం. పిత్తరసం రాగానే అదే రంధ్రంలో కాథెటర్ పెట్టి చిత్రం తీశాం. కొమ్మలన్నీ సవ్యంగా ఉన్నాయి, నాళం 11 మిల్లీమీటర్లు, కింద ఒక్క రాయి. ప్రమాదకరమైన చోట కోయకుండా సంచిలో కొంత భాగం వదిలి మిగతాది తీశాం. నాళంలోని రాయిని తర్వాత ఈఆర్‌సీపీలో తీయించాలని నిర్ణయించాం. ఒక్క పద్ధతే చేతిలో ఉంటే ఆ రోజు ఏం చేసేవాళ్లమో నేను ఆలోచించదలచుకోలేదు.

రాయి కనిపించాక ఏం చేయాలన్నది దాని పరిమాణం, చోటు, నాళం వెడల్పు మీద ఆధారపడుతుంది. చిన్నదైతే గ్లూకగాన్ ఇచ్చి సెలైన్‌తో కడిగితే చాలాసార్లు పేగులోకి పోతుంది. సిస్టిక్ నాళం అనుమతిస్తే దాని గుండా సన్నని తీగబుట్ట పంపి రాయిని పట్టి లాగవచ్చు. నాళం వెడల్పుగా ఉంటేనే దాన్ని తెరవాలి. సన్నని నాళాన్ని తెరిచి కుడితే తర్వాత అది ముడుచుకుపోయే ప్రమాదం ఉంది. వీలు కానప్పుడు ఈఆర్‌సీపీ ఉండనే ఉంది. ఆపరేషన్ ముందు రోగితో మాట్లాడేటప్పుడే ఈ దారులన్నీ చెబుతాను. మత్తులోంచి లేచాక "ఇంకో పని మిగిలింది" అని మొదటిసారి వినడం ఎవరికైనా దెబ్బే.

నాకు ఇప్పటికీ తేలని విషయం ఒకటుంది. నాళంలో 2, 3 మిల్లీమీటర్ల రాయి ఒకటి, నాళం వెడల్పు మామూలుగా, మందు పేగులోకి బాగా పోతోంది. కడిగినా రాయి కదలలేదు. ఇలాంటి చిన్న రాళ్లు కొన్ని వారాల్లో వాటంతటవే పోవచ్చు. పోనిది ఒక్కటే అయినా, అది తెచ్చే క్లోమగ్రంథి వాపు ప్రాణాల మీదికి రావచ్చు. నా సహోద్యోగి అలాంటివాటిని వదిలి, రోగిని గమనిస్తూ ఉంటాడు. నేను సిస్టిక్ నాళం గుండా బుట్టతో ఒకసారి ప్రయత్నిస్తాను, నాళానికి గాయమయ్యేలా ఉంటే ఆపేస్తాను. ఈ విషయంలో మేమిద్దరం ఇంకా ఒక మాట మీదికి రాలేదు. వదిలేసిన రోగికి మాత్రం ఇద్దరం ఒకే కాగితం ఇస్తాం. అందులో నాళం చిత్రం, రాయి ఉన్న చోటు, ఎప్పుడు రక్తపరీక్షకు రావాలో ఉంటాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, చలితో జ్వరం వచ్చినా, పొట్ట పైభాగంలో నొప్పి వీపు దాకా పాకినా, ఆ తేదీ కోసం ఆగకుండా అప్పటికప్పుడే రావాలని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.